ఎత్తిన చెయ్యి

పోయిన వారం మేధను మనం ఆష్‌బర్న్ రింక్ బయట, తడి జుట్టుతో కారెక్కుతుండగా వదిలాం. అప్పుడే లేహ్ నుంచి ఫోన్ వచ్చింది. భారత మహిళల ఐస్ హాకీ జట్టులో ఆమె పేరు ఉందని కెప్టెన్ డిస్కిత్ స్వయంగా చెప్పింది. పాస్‌పోర్టు కాపీ ఈ రాబోయే సోమవారంలోగా పంపమంది. ఆ మాట విన్న తల్లి ఉజ్వల స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కారు కదిలించలేదు. సంతోషం వల్లేనని మేధ అనుకుంది. తండ్రి రామమోహన్ పోయాక ఆ ఇంట్లో సంతోషం ఎలా ఉంటుందో ఇద్దరూ మర్చిపోయారు. కాబట్టి గుర్తుపట్టడంలో పొరపాటు జరిగే అవకాశం ఉంది.

శనివారం పొద్దున్నే జెర్సీ సిటీ నుంచి సిద్ధార్థ్ వచ్చాడు. ఉజ్వలకు తమ్ముడు. మన్‌హటన్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. బావ పోయినప్పటి నుంచి వీలైనప్పుడల్లా వచ్చి, ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. ఈసారి గరాజ్ తలుపు వంతు. గరాజ్‌లో హాకీ సామాను ఆరబెట్టి ఉంది. దాన్ని దాటుకుని వంటింట్లోకి వస్తూ ముక్కు మూసుకున్నాడు.

"అక్కా, ఆ బ్యాగులో ఎవరైనా చచ్చిపోయారా ఏంటి?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఉజ్వల పెనం మీద నీళ్ళు చల్లుతోంది. వెనక్కి తిరగలేదు.

"హాకీ బ్యాగంటే అంతేరా. ఎంత ఉతికినా పోదు. కూర్చో, పెసరట్టు వేస్తున్నాను," అంది మామూలు గొంతుతో.

మేధ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. మామయ్యను చూసి కుర్చీ మీద నుంచి కాళ్ళు తీసి చోటిచ్చింది.

"ఏమ్మా నేషనల్ ప్లేయరూ, ప్రపంచంలో మన ర్యాంకెంత?"

"గూగుల్ చెయ్ మామయ్య."

"చేశాను. పైనుంచి చూసుకుంటూ పోతే వేలు నొప్పి పుట్టింది. అందుకని కింద నుంచి మొదలుపెట్టా."

"కింద కూడా కొంతమంది ఉన్నారు. మేం లాస్ట్ కాదు."

"అప్పుడే 'మేం' అయిపోయారా?"

"వన్ వీక్ అయింది," అంది మేధ, అట్టు తుంచుతూ. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. దాన్ని దాచుకోవాలని ఆమె పెద్దగా ప్రయత్నించలేదు.

ఆ ఇంట్లో ఐస్ హాకీకి ఒక భాష ఉంది. అది రామమోహన్ పెట్టినది. ఆ ఆటలోని ఇంగ్లీషు మాటలు ఆయన నోటికి పట్టలేదు. కర్రలతో కొట్టే ఆ నల్లటి రబ్బరు ముక్కను 'పక్' అనడానికి బదులు 'బిళ్ళ' అనేవాడు. ఆట పేరు మంచు బిళ్ళంగోడు. మంకీ క్యాప్ పెట్టుకుని అద్దం వెనక నిలబడి, "బిళ్ళ వదలకు, బిళ్ళ వదలకు" అని తెలుగులో అరిచేవాడు. మిగతా తండ్రులు దాని అర్థమేమిటని అడిగి నేర్చుకున్నారు. ఇప్పటికీ ఆ రింక్‌లో ఒకరిద్దరు అమెరికన్ తండ్రులు 'బిళ్ళ' అంటారు. అలా అన్నప్పుడు ఉజ్వల ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంటుంది.

"అసలు మొదట్లో మీ టీమ్ వాళ్ళు అంత ఘోరంగా ఎందుకు ఓడిపోయేవాళ్ళే?" అడిగాడు సిద్ధార్థ్. వెక్కిరింత కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"డిస్కిత్ దీదీ చెప్పింది. ఫస్ట్ టైం వాళ్ళు ఫారిన్ వెళ్ళి టోర్నమెంట్ ఆడినప్పుడు, దీదీ రియల్ రింక్ చూడడం అదే ఫస్ట్. వాళ్ళ ఊళ్ళో చెరువు గడ్డ కడుతుంది కదా, దాని మీద ఆడతారు. చుట్టూ గోడ ఉండదు. బిళ్ళ పక్కకి పోతే స్నోలోకి పోతుంది. ఎవరో ఒకరు వెళ్ళి తేవాలి. సో, అక్కడ రింక్‌లో కూడా బిళ్ళ పక్కకి పోగానే దీదీ ఆగిపోయింది. పోయింది కదా అని. అదేమో గోడకి తగిలి వెనక్కి వచ్చింది. అవతలి వాళ్ళు తీసుకుని గోల్ కొట్టారు."

సిద్ధార్థ్ నవ్వాడు.

"నవ్వకు మామయ్య. దీదీ తర్వాత ఇంకొక అమ్మాయి అలాగే ఆగింది."

"మరి స్కోరు?"

"వాళ్ళది టూ డిజిట్స్. మాది వన్ డిజిట్. అది కూడా రౌండ్‌గా ఉంటుంది."

ఈసారి ఉజ్వల కూడా కొంచెం నవ్వింది. పెనం మీద అట్టు తిప్పి, ఉల్లిపాయలు గరిటెతో అదిమింది.

"అన్నీ ఓడిపోయారు ఆ ఇయర్," అంది మేధ. "నెక్స్ట్ ఇయర్ మళ్ళీ వెళ్ళారు. ఒక మ్యాచ్ గెలిచారు. ఒక్క గోల్‌తో. నీకు తెలుసా, ఐస్ హాకీలో మ్యాచ్ అయ్యాక గెలిచిన వాళ్ళ యాంథమ్ ఒక్కటే వేస్తారు. ఓడిపోయిన వాళ్ళు లైన్‌లో నిలబడి వినాలి. అప్పటిదాకా వాళ్ళు ఎప్పుడూ వేరే వాళ్ళ పాటే విన్నారు. ఆ రోజు ఫస్ట్ టైం వాళ్ళది వేశారు. దీదీకి సగం దాకా అర్థం కాలేదంట, ఇది మనదే కదా అని."

సిద్ధార్థ్ నమలడం ఆపాడు. నోట్లో ముద్ద అలాగే ఉంది.

"నాన్న ఆ వీడియో సోఫాలో కూర్చుని చూసి, లేచి నిలబడ్డాడు," అంది మేధ. "ఒక్కడే. మన లివింగ్ రూమ్‌లో."

ఇటువంటప్పుడు ఎవరో ఒకరు వేరే సంగతి ఎత్తుకోవడం ఆ ఇంట్లో ఈ మధ్య అలవాటయింది. ఆ పని సిద్ధార్థ్ చేశాడు.

"సరే గానీ అక్కా, మండే నువ్వు లీవ్ పెట్టు. దీనికి యూఎస్ పాస్‌పోర్ట్ అప్లై చేసేద్దాం. నువ్వు సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్నావు. ఇదేమో ఇంకా ఎయిటీన్ దాటలేదు, గ్రీన్ కార్డ్ మీద నీ దగ్గరే ఉంది. ఆటోమేటిక్‌గా ఇదీ సిటిజన్ అయిపోయింది. మా ఆఫీసులో ఒకాయన పిల్లలకి అలాగే వచ్చింది. అప్లై చేయడం, పాస్‌పోర్ట్ తెచ్చుకోవడం, అంతే."

చెప్పి, శుభవార్త చెప్పిన మనిషిలా ఇద్దరి వైపూ చూశాడు. అతనికి అది శుభవార్తే. అతని సొంత గ్రీన్ కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో అతనికే తెలియదు. ఆఫీసులో ఎవరికైనా వస్తే కేకు కోసే రోజుల్లో, చప్పట్లు కొట్టి తన సీటుకు వెళ్ళి కూర్చునే మనిషి.

"వెయిట్," అంది మేధ. "ఏంటి ఆటోమేటిక్?"

"నువ్వే. అమెరికన్‌వి. కంగ్రాట్స్."

"ఎప్పటి నుంచి?"

"అమ్మ చెయ్యి ఎత్తిన రోజు నుంచి."

ఉజ్వల అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసింది పోయిన నెలలో, ఒక మంగళవారం. అప్పటికి మేధ లేహ్‌లో సెలక్షన్ క్యాంపు నుంచి తిరిగొచ్చి కొద్ది రోజులే అయింది. జట్టు ఇంకా ప్రకటించలేదు. ఆ అప్లికేషన్ భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్నది. పిలుపు వచ్చేసరికి ఒక్కతే మిగిలింది. కోర్టు హాలుకు ఒక్కతే వెళ్ళి, అంతమంది మధ్య నిలబడి కుడి చెయ్యి ఎత్తి, చెప్పమన్న మాటలు చెప్పి, వాళ్ళిచ్చిన చిన్న జెండా తెచ్చి పెన్నుల డబ్బాలో పెట్టింది. ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు పిజ్జా తెప్పించుకున్నారు. దాని గురించి అంతకుమించి మాట్లాడుకోలేదు.

"ఆ టైంకి నేను ఫిజిక్స్ క్లాస్‌లో ఉన్నాను," అంది మేధ. "నేనేం చెయ్యి ఎత్తలేదు. డౌట్ అడగడానికి కూడా ఎత్తలేదు."

"నువ్వు ఎత్తక్కర్లేదు. అమ్మ ఎత్తితే నువ్వు ఎత్తినట్టే."

"మామయ్య, నేను ఇండియా టీమ్‌కి ఆడాలంటే ఇండియన్ సిటిజన్ అవ్వాలి. క్యాంప్‌లో ఫస్ట్ డే అదే చెప్పారు. ఫారిన్ సిటిజన్స్ అయిపోయిన ఇండియన్స్‌కి ఇచ్చే ఓసీఐ కార్డ్ ఉన్నా నో. టొరంటో నుంచి ఒక అమ్మాయి వచ్చింది, నాకంటే టూ టైమ్స్ బాగా ఆడుతుంది. అక్కడ పుట్టింది కాబట్టి పంపేశారు. నన్ను ఎందుకు ఉంచారో తెలుసా? నేను హైదరాబాద్‌లో పుట్టాను, నాది ఇండియన్ పాస్‌పోర్ట్. అదొక్కటే నా టాలెంట్."

సిద్ధార్థ్ ముఖంలో శుభవార్త కొద్దికొద్దిగా దిగిపోయింది. అక్క వైపు చూశాడు. ఉజ్వల పొయ్యి ఆపి, పెనం మీద మిగిలిన అట్టును పళ్ళెంలోకి తీసి, గరిటెను సింక్‌లో పెట్టింది. ప్రతిదీ నెమ్మదిగా చేసింది. అమ్మ దిగ్భ్రాంతిలో ఉందని మేధ అనుకుంది.

"అమ్మ, ఇట్స్ ఓకే. నీకు తెలీదు కదా," అంది.

ఉజ్వల కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఏమైనా అందో లేదో తెలియలేదు.

"ఆగండి, ఆగండి," అన్నాడు సిద్ధార్థ్. బల్ల మీద పళ్ళెం పక్కకు జరిపాడు. ఏదైనా పాడయితే ముందు చుట్టూ చోటు చేసుకోవడం అతని పద్ధతి. "ఎవరికి తెలుస్తుంది ఇది? దీని పేరు మీద సర్టిఫికెట్ ఏదీ రాలేదు. పాస్‌పోర్ట్ మనం అడగలేదు. చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంది, డేట్ ఇంకా అయిపోలేదు. కాపీ పంపించు. వెళ్ళు. ఆడు. వచ్చాక నెమ్మదిగా ఇది అప్లై చేద్దాం. టోర్నమెంట్ ఎన్నాళ్ళు, వారమేగా?"

"తర్వాత తెలిస్తే?"

"తెలిస్తే నిన్నేమైనా జైల్లో పెడతారా?"

"నన్ను ఏమీ చేయరు. ఎలిజిబుల్ కాని ప్లేయర్ ఆడిందని తేలితే, గెలిచిన మ్యాచ్ కూడా ఓడిపోయినట్టు మార్చేస్తారు." మేధ గొంతు పెంచలేదు. తల్లి పోలిక అది, కోపం వచ్చినప్పుడు మాటలు తగ్గుతాయి. "వాళ్ళ దగ్గర ఉన్న విన్స్ చాలా తక్కువ, మామయ్య. వాటిలో ఒకటి నా వల్ల పోతే, నేను ఇక్కడ ఆష్‌బర్న్‌లో ఏసీ రింక్‌లో ప్రాక్టీస్ చేసుకుంటూ ఉంటాను. వాళ్ళు మళ్ళీ చెరువు గడ్డ కట్టేదాకా వెయిట్ చేయాలి."

సిద్ధార్థ్ నుదురు రుద్దుకున్నాడు.

"ఇంకోటి," అంది మేధ. "నన్ను తీసుకోవడానికి హిమాచల్‌లో స్పితి నుంచి వచ్చిన ఒక అమ్మాయిని తీసేశారు. మండే దాకా టైముంది. అంటే తనని మళ్ళీ పిలవచ్చు. మండే తర్వాత పిలవలేరు."

ఆమె అంత వరకు ఆలోచించిందని అప్పుడే పెద్దవాళ్ళిద్దరికీ అర్థమయింది. ఉజ్వల చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. కూతురి పళ్ళెంలో సగం అట్టు చల్లారిపోయి ఉంది.

"తిను," అంది.

"ఆకలి లేదు."

"వేడిది వేస్తాను."

"అమ్మా. ఏదైనా చెప్పు. అట్టు గురించి కాకుండా."

ఉజ్వల కూతురి జుట్టు చెవి వెనక్కి తోసింది. హెల్మెట్ పట్టీ రాసుకుని అక్కడ చర్మం ఎర్రగా ఉంది. మేధ తల పక్కకు తిప్పుకుంది, కోపంతో కాదు, ఆ చెయ్యి అక్కడే ఉంటే ఏడుపు వస్తుందని.

సిద్ధార్థ్ ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"చూడండి. నేను లాయర్‌ని కాదు. కానీ ఇక్కడో మాట ఉంది. ఇండియా వాళ్ళ లాలో ఏమంటున్నారంటే, వేరే దేశం సిటిజన్‌షిప్‌ని 'వాలంటరీ'గా తీసుకుంటే ఇండియాది పోతుంది. వాలంటరీగా. అంటే తనంతట తాను. ఇక్కడి వాళ్ళేమో 'ఆటోమేటిక్' అంటున్నారు. అంటే దానంతట అదే. తనంతట తాను, దానంతట అదే. రెండూ ఒకటేనా అక్కా?"

"కాదు," అంది ఉజ్వల.

"కాదు కదా. ఇది ఫిజిక్స్ క్లాసులో ఉంది. దీనికి తెలీదు. నీకూ తెలీదు. మీ ఇద్దరిలో ఎవరూ కావాలని చేయలేదు. మరి వాలంటరీ ఎలా అవుతుంది? ఇక్కడ సందు ఉంది. దాచక్కర్లేదు కూడా. ఉన్నదున్నట్టు చెప్పి అడగొచ్చు. కాన్సులేట్ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు. కానీ అడగడానికి ఒక మాట దొరికింది."

మేధ ఆ రెండు మాటల్నీ పెదాల మీదే అనుకుంది. ఆమెకు తెలుగు వ్యాకరణం రాదు. 'తనంతట' అన్న మాట ఇంట్లో విన్నదే గానీ ఎప్పుడూ వాడలేదు. ఇప్పుడు అది పట్టుకోవడానికి ఒక అంచులా కనిపించింది.

"దీదీకి ఇప్పుడే చెప్తాను," అంది.

"ఇప్పుడే ఎందుకు? ఎవరైనా లాయర్‌ని కనుక్కుని..." అంటున్నాడు సిద్ధార్థ్.

"మండేలోపు ఏ లాయర్ మామయ్య? అక్కడ ఇప్పుడు ఈవెనింగ్. దీదీ మేలుకునే ఉంటుంది."

ఉజ్వల లేచింది. ఒక్క క్షణం కూతురి చేతిలోని ఫోన్ తీసుకోబోతున్నట్టు చెయ్యి చాపింది. మళ్ళీ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

"మేధా, ఒక్క నిమిషం," అంది.

అప్పటికే రింగ్ అవుతోంది.

డిస్కిత్ ముఖం తెర మీద వచ్చింది. ఎర్రబడిన బుగ్గలు, ఉన్ని టోపీ, వెనక గోడకు ఆరేసిన మేజోళ్ళు. ముప్పై దాటిన మనిషి. జట్టు మొదటి ఓటముల నుంచి ఉన్నవాళ్ళలో ఇంకా ఆడుతున్నది ఆమె ఒక్కతే. మేధ ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడా ఆగకుండా గబగబా చెప్పింది. తల్లి ప్రమాణం, తన వయసు, చట్టం, ఆ రెండు మాటలు. మధ్యలో డిస్కిత్ ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విన్నాక టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వే చెప్పావు, మంచిది," అంది. "వేరే వాళ్ళ నోటి నుంచి వస్తే నాకు కోపం వచ్చేది."

"నన్ను తీసేస్తారా?"

"నువ్వు బాగా ఆడతావని తీసుకున్నాం. పాస్‌పోర్ట్ కోసం అనుకుంటున్నావా? పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు మా ఊరి నిండా ఉన్నారు."

మేధ ఏదో అనబోయి ఆగింది. కళ్ళు నిండాయి. సిద్ధార్థ్ గబుక్కున పళ్ళేలు తీసుకెళ్ళి సింక్‌లో పెట్టాడు.

"మీ అమ్మగారు ఉన్నారా? ఒకసారి ఇవ్వు," అంది డిస్కిత్.

ఉజ్వల ఫోన్ తీసుకోలేదు. మేధ దాన్ని పంచదార డబ్బాకు ఆనించి బల్ల మీద నిలబెట్టింది. డిస్కిత్ హిందీలోకి మారింది. ఉజ్వల హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి కాబట్టి ఆ భాష కష్టం కాదు. మేధకు హిందీ అర్థమవుతుంది, మాట్లాడడం అంతంత మాత్రం.

"నమస్తే ఆంటీజీ. అంకుల్‌జీ పోయిన సంగతి క్యాంపులో మేధ చెప్పింది. చాలా బాధపడ్డాను."

"నమస్తే అమ్మా," అంది ఉజ్వల.

"ఇప్పుడు నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడాలి. వెళ్ళేముందు మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఏమనుకోకండి. ఆ రోజు మీరు ప్రమాణం చేస్తే, దానితో పాటు మేధ కూడా మారిపోతుందని మీకు తెలుసా? తెలియదు అంటే, మీ మాట రాయించి ఫెడరేషన్‌లో అడుగుతాను. పొరపాటున జరిగింది, ఆ అమ్మాయి ప్రమేయం లేదు అని నిలబడి మాట్లాడతాను. వాళ్ళేమంటారో చూద్దాం. తెలిసే చేశారంటే మాత్రం నా దగ్గర మాట లేదు. స్పితి అమ్మాయికి ఇవాళే ఫోన్ చేయాలి."

సింక్ దగ్గర సిద్ధార్థ్ ఇటు తిరిగాడు. ఫోన్‌కు కనపడని చోట నిలబడి, అక్కను చూస్తూ, 'తెలీదు' అని పెదాలతో అన్నాడు. అబద్ధం చెప్పమని కాదు. తెలీదనే అతని నమ్మకం. హిందీలో ఆ ముక్క త్వరగా చెప్పెయ్యమని తొందర, అంతే.

"చెప్పు అమ్మా," అంది మేధ. తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఉదయం నుంచి మొదటిసారి ఆమె ముఖం తేటగా ఉంది. "నీకు తెలీదని చెప్పు. అంతే కదా."

ఉజ్వల ఫోన్ వైపు చూడలేదు. కూతుర్నే చూసింది. నోరు తెరిచినప్పుడు వచ్చినవి హిందీ మాటలు కావు.

"తెలుసు మేధా," అంది. "అప్లికేషన్ పెట్టిన రోజే మీ నాన్న చెప్పారు, ఎయిటీన్ లోపు అయితే నీకూ వచ్చేస్తుందని. ఆయన ఉన్నప్పుడు అది ఒక సౌకర్యం. ఆయన పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. నాకేమైనా అయితే నువ్వు ఏ దేశంలోనూ గట్టిగా నిలబడి లేవు. ప్రమాణం డేట్ మార్చుకోవచ్చని తెలుసు. నువ్వు క్యాంప్‌కి వెళ్ళొచ్చావనీ తెలుసు. తెలిసే వెళ్ళాను. తెలిసే ఎత్తాను."

సిద్ధార్థ్ చేతిలోని పళ్ళెం మెల్లగా కింద పెట్టాడు. మోచెయ్యి మీద మేధ వేళ్ళు అలాగే ఉన్నాయి. బిగుసుకోలేదు, వదల్లేదు.

ఫోన్‌లో డిస్కిత్ కొంచెం ముందుకు వంగింది. తల్లీకూతుళ్ళ ముఖాలు మార్చి మార్చి చూసింది.

"మేధా, ఆంటీజీ ఏమన్నారు?" అంది. "నాకు మీ భాష రాదు కదా. నువ్వే చెప్పు."